చిన్నకోడలి కొత్త ఆకు

నాకు ముక్కు మీదే కోపం. పదకొండేళ్ళు ఆఫీసు మెట్లు తుడిచినా ఆ కోపం రవ్వంత కూడా అరగలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆ వానాకాలం మా ఇంట్లోకి చిన్నకోడలు వచ్చింది నా కోపం వల్లే.

వానలు మొదలైన వారం అది. మూడో అంతస్తులో జెరాక్స్ మిషను పక్కన, వెలుగు పడని మూల ఒక మొక్క ఉండేది. రోజూ దాని చుట్టూ తుడిచేది నేనే కాబట్టి దాని బాధలు నాకు తెలుసు. తాగగా మిగిలిన టీలు దాని మొదట్లోనే పోసేవాళ్ళు. నలిపిన కాగితాలు కుండీలోకే విసిరేవాళ్ళు. నాలుగంటే నాలుగు ఆకులు మిగిలాయి, అవి కూడా తలలు వేలాడేసుకుని ఉన్నాయి. ఆ రోజు మొక్కల మేడమ్ వచ్చింది. ఆఫీసులకు మొక్కలు అద్దెకిచ్చి, వాటిని చూసుకోవడం ఆవిడ వ్యాపారం. ఆ వీధిలో నాలుగు బిల్డింగుల్లో కుండీలన్నీ ఆవిడవే. మొక్క వంక ఒక్క చూపు చూసి, "దీన్ని చెత్తలో వేసెయ్," అంది నాతో.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"బతికున్నదాన్ని చెత్తలో ఎలా వేస్తారండీ?" మాపు కర్ర గోడకి ఆనించాను. "ఈ చీకటి మూల పెట్టింది మీరు. నెల రోజులుగా ఇటు తొంగి చూడనిదీ మీరు. పీకి పారేసే పాపం మాత్రం నాకా?"

జెరాక్స్ తీసుకుంటున్న గుమాస్తా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నా పని ఊడిందనే అనుకున్నాను. మేడమ్ కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"బతికుందని నీకెలా తెలుసు?"

"నిన్న కాండం గోరుతో గీకి చూశాను. లోపల పచ్చగా ఉంది."

ఆవిడ వంగి, నేను గీకిన చోటు చూసింది. ఎంతసేపు చూసిందో!

"మాటలు బాగానే చెప్తున్నావు. బతికించి చూపించు మరి. మొక్కలు చూసుకునే మనిషి మానేసి నెలైంది. వానలు ఆగేలోపు ఇది కొత్త ఆకు వెయ్యాలి. ఊరికే ఆకు వేస్తే చాలదు, ఆరోగ్యంగా ఉన్న ఆకు వెయ్యాలి. చూడగానే నాకు తెలిసిపోతుంది. అలాంటిది ఒక్కటి వేయించు, నాలుగు బిల్డింగుల మొక్కలూ నీ చేతిలో పెడతాను. ఇంక ఈ మాపు పట్టే పనుండదు."

"దీని పేరేంటండీ?"

"చెప్పను. చెప్తే ఫోన్లో వెతుకుతావు. వెయ్యి మంది వెయ్యి రకాలుగా చెప్తారు. నువ్వు మొక్కని చూసి నేర్చుకో. ఫోన్ ముట్టుకోనని మాటివ్వు."

మాటిచ్చేశాను. మేడమ్ మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "కొత్త ఆకు లేతగా ఉంటుంది. గట్టిపడే దాకా వేలు తగలనివ్వకు," అంది. ఆవిడ నాకు నేర్పిన పాఠం అదొక్కటే.

మాపు పట్టే పనుండదు! ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఫినాయిలుకి పగిలిన వేళ్ళ సందులు చూసుకుంటూ, ఈ వేళ్ళతో ఇంక మట్టి పిసుక్కుంటాను, ఆకులు తుడుచుకుంటాను అని నాలో నేనే నవ్వుకున్నాను. బస్సులో మొక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్నావిడ దాని వంక జాలిగా చూసి, "ఆస్పత్రికా?" అనడిగింది.

*

మా ఇల్లు రెండు గదులు. మొదటి గదిలో ఒకటే కిటికీ, ఆ కిటికీ మా మామయ్యది.

ఎలా ఆయనదంటే, రెండేళ్ళుగా పొద్దున లేచింది మొదలు ఆయన కుర్చీ అక్కడే. మామయ్య చెక్క సామాన్లకి పాలిష్ వేసే మనిషి. నలభై ఏళ్ళు ఎవరెవరి బల్లలో, బీరువాలో ఆయన చేతి మీద మెరిశాయి. గీత పడ్డ బల్ల ఇస్తే, ఆ గీత ఎక్కడుందో యజమానే వెతుక్కోవాల్సి వచ్చేది. రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి లేచాక కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. అప్పట్నుంచి ఆయన కుర్చీలో కూర్చుని, వణికే చేతిని ఒళ్ళో దాచుకుని, రోడ్డు మీద వచ్చే పోయే వాళ్ళని చూసేవారు.

"మామయ్యా, మీ కిటికీ కావాలి," అన్నాను గుమ్మంలోంచే.

"నా కిటికీయా? దేనికి?"

చెప్పాను. మొత్తం చెప్పాను, మేడమ్ గొంతు కూడా పెట్టి చెప్పాను. లిఫ్టులు బాగుచేసే మా ఆయన అప్పుడే పని నుంచి వచ్చి, గ్రీజు చేతులు కడుక్కుంటూ విన్నాడు.

"నాలుగు ఆకుల మొక్కకి నాలుగు బిల్డింగులా?" అన్నాడు. "ఆకుకో బిల్డింగు. బేరం బాగుందే!"

మామయ్య నవ్వలేదు. మొక్క వంక, కిటికీ వంక చూశారు. లేచి కుర్చీని గోడ వైపు జరుపుకున్నారు.

"వచ్చీ రాగానే నా చోటు లాగేసుకుంది. ఇది మొక్కేమిటి, చిన్నకోడలు!"

"మరి పెద్దకోడలు వచ్చినప్పుడు ఏం లాక్కుందట?"

"నా నోరు. పదహారేళ్ళయింది, ఇంట్లో నేను ఓ మాట పూర్తిగా చెప్పి."

మా ఆయన పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి దానికి అదే పేరు.

*

మొదటి పది రోజుల్లో దాన్ని దాదాపు చంపేశాం. ఉన్న నాలుగాకుల్లో ఒకటి పసుపు తిరిగింది. మట్టిలో వేలు పెడితే బురద. నేను పోసేది పొద్దున ఒక్క గ్లాసే, ఇంత తడి ఎక్కణ్ణుంచి వచ్చింది? భోజనాల దగ్గర ఇద్దర్నీ నిలదీశాను.

"నిజం చెప్పండి, ఎవరు పోస్తున్నారు?"

మా ఆయన కంచంలోకి చూస్తూ గొణిగాడు. "పనికెళ్ళేటప్పుడు ఓ చెంబు... పాపం దాహమేస్తుందని."

"మీరు, మామయ్యా?"

"నేను తాగగా మిగిలినవేనమ్మా. మధ్యాహ్నం ఓసారి. సాయంత్రం ఓసారి."

"మీ ప్రేమ తగలెయ్య! ముగ్గురం కలిసి దాన్ని ముంచేస్తున్నాం!"

ఆ ఆదివారం మొక్కని కుండీలోంచి లాగాం. సగం వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే చేతిలోకి ఊడొస్తున్నాయి. కుళ్ళినవన్నీ కత్తెరతో తీసేశాను. కుండీ అడుగు చూస్తే ఒకటే చిల్లు, అదీ మట్టితో పూడిపోయి ఉంది. మా ఆయన డ్రిల్లు మిషను తెచ్చి చుట్టూ ఎనిమిది చిల్లులు పెట్టాడు. మట్టిలో కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు, ఇటుక పెంకులు కలిపి, నీళ్ళు పోస్తే పోసినట్టే దిగిపోయేలా చేశాం. ఆ తర్వాత నేనొక చట్టం చేశాను. రెండు కణుపుల దాకా వేలు మట్టిలో గుచ్చాలి, వేలు పొడిగా వస్తేనే నీళ్ళు, ఆ పోసేది కూడా నేనే. మిగతావాళ్ళు ముట్టుకుంటే చేతులు విరుగుతాయి.

ఎండ నేరుగా తగిలితే ఆకు మీద మచ్చ పడుతోందని నేనే కనిపెట్టాను. కిటికీకి పాత పల్చటి చీర కట్టాను. వేణ్నీళ్ళతో స్నానం చేసి వచ్చాక, ఆవిరి పట్టిన స్నానాల గదిలో దాన్ని కాసేపు ఉంచితే ఆకులు నిగనిగలాడుతున్నాయని కూడా నేనే కనిపెట్టాను. దాంతో మా ఆయన స్నానం వంతు రోజూ దాని తర్వాతే అయ్యింది.

"నా ఇంట్లో నేను మూడో నంబరా?" అన్నాడు.

"నాలుగు. మీ నాన్న ఉన్నారుగా," అన్నాను.

కాండం కణుపుల దగ్గర్నుంచి గోధుమరంగు వేళ్ళు గాల్లోకి వేలాడుతున్నాయి. ఇవేమిటా అని నేను చూస్తుంటే మామయ్య తేల్చేశారు. "చేతులు చాస్తోందమ్మా. పట్టుకోవడానికి ఏదన్నా ఇవ్వాలి."

పాత మంచం కోడు ఒకటి తీసుకుని రెండు రోజులు గరుకు కాగితంతో రుద్దారు. చెయ్యి వణుకుతూనే ఉంది, రుద్దుతూనే ఉన్నారు. కోడు అద్దంలా తయారైంది. కుండీలో పాతి మొక్కని కట్టాం. వారమైనా ఒక్క వేరు కూడా దాన్ని పట్టుకోలేదు. జారిపోతోంది.

"నున్నగా ఉంటే ఎలా పట్టుకుంటుంది మామయ్యా? గరుకు చెయ్యాలి."

"గరుకా?" ఆయన మొహం చూడాలి అప్పుడు. "నలభై ఏళ్ళు నునుపు చేసి తిన్నవాణ్ణి. గరుకు చెయ్యడం నాకు రాదమ్మా."

వచ్చింది. రంపం ముక్క పెట్టి కోడు నిండా అడ్డదిడ్డంగా గీట్లు పెట్టారు. పెట్టిన ప్రతి గీటుకీ ఇస్సు ఇస్సు అన్నారు. పది రోజులకు మొదటి వేరు ఆ గీట్లలో దూరి కూర్చుంది. మా మామయ్య పక్కింటివాళ్ళని కూడా పిలిచి చూపించారు.

ఆ తర్వాత ఆకులు తుడిచే పని ఆయనకే ఇచ్చాను. ముందు ఓ మైనం డబ్బా తీసుకొచ్చి, "కొంచెం మెరుపు పెట్టనా?" అన్నారు. ఆ డబ్బా కిటికీలోంచి రోడ్డు మీదకి పోతుందని చెప్పాక లోపల పెట్టేశారు. తడిగుడ్డ తీసుకుని, ఒక చెయ్యి ఆకు కింద ఆనించి, ఈనె వెంట మెల్లగా తుడిచేవారు. చెక్క పోగు ఎటు పోతే అటే రుద్దాలట, ఇదీ అంతేనట. రోడ్డు మీదకి చూడ్డం మానేసి, గంటలకి గంటలు మొక్కనే చూసేవారు.

*

ఒక రోజు పని నుంచి వచ్చి తలుపు తీశానో లేదో, ఇద్దరూ ఒక్కసారే అరిచారు. మా ఆయన కూడా తొందరగా వచ్చేసి ఉన్నాడు.

"వచ్చిందే! వచ్చింది!"

పై ఆకు తొడిమలోంచి సన్నగా, లేత పసుపు రంగులో, గట్టిగా చుట్టుకున్న కొత్త ఆకు మొన! నా చిటికెన వేలంత కూడా లేదు. నేను చెప్పులు కూడా విప్పకుండా గది మధ్యలో ఎగిరి గంతేశాను. కింద వాటావాళ్ళు ఏమైందని అరిచారు.

"పుట్టింది!" అని అరిచాను కిటికీలోంచి. వాళ్ళేమనుకున్నారో నాకు తెలియదు.

ఇక మా ఇంట్లో వేరే ధ్యాస లేదు. మా ఆయన లిఫ్టు తలుపులు కొలిచే టేపు తెచ్చి గోడకి తగిలించాడు. రోజూ పొద్దున కొలత, సాయంత్రం కొలత. పనిలో ఉండగా ఫోన్ చేసేవాడు, "ఎంత?" అని. మామయ్య టేపు దగ్గరగా పట్టుకుని, ఆకుకి తగలకుండా, "నాలుగున్నర దాటింది," అని చెప్పేవారు. "ఎవరి గురించండీ?" అని ఒకసారి మా ఆయన్ని ఆయన మేస్త్రి అడిగితే, మా చిన్నకోడలి గురించి అన్నాడట.

నేను మెట్లు తుడుస్తూ మెట్టు మెట్టుకీ లెక్కపెట్టుకునేదాన్ని. వానలు తగ్గుముఖం పట్టాయి. రోజు విడిచి రోజు పడుతున్నాయి. ఆకు తొమ్మిది అంగుళాలై, చుట్ట కాస్త వదులైంది. మేడమ్‌కి ఫోన్ చేశాను.

"విచ్చుకోనివ్వు. గురువారం సాయంత్రం వస్తా," అంది.

ఆదివారం పొద్దున లేచేసరికి విచ్చుకుని ఉంది.

నా రెండు అరచేతులు కలిపి పరిచినంత ఆకు. లేత ఆకుపచ్చ, తడిగా ఉన్నట్టు మెరుస్తోంది. సంతోషంతో దగ్గరికి పరుగెత్తాను. అంతలో ఆగిపోయాను.

ఆకు చిరిగిపోయి ఉంది.

అంచు నుంచి మధ్య ఈనె దాకా నాలుగు చీలికలు. ఈనె పక్కన మూడు చిల్లులు. మళ్ళీ లెక్కపెట్టాను, ఏడు. పాత ఆకులు చూస్తే ఒక్కదానికి ఒక్క గాటు లేదు, తమలపాకుల్లా నిండుగా ఉన్నాయి. వానాకాలం అంతా ఎదురుచూసిన ఆకు ఎవరో పీలికలు చేసినట్టు ఉంది. నేను నేల మీద కూలబడి ఏడ్చేశాను. ఏడుపు అయిపోగానే కోపం వచ్చింది, నా సంగతి చెప్పాను కదా.

"మీరే మామయ్యా! ముట్టుకోవద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. టేపు పట్టుకుని రోజూ దాని మీద మీద పడ్డారు. ఆ వణికే చెయ్యి తగిలి..."

అక్కడ ఆగాను. కానీ మాట బయటికి వచ్చేసింది.

మామయ్య కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. "నేను ముట్టుకోలేదమ్మా," అన్నారు. ఆ చేతి వంక చూసుకుని, "ముట్టుకోలేదనే అనుకుంటున్నా," అన్నారు.

"నోరు కాస్త అదుపులో పెట్టుకోవే," అన్నాడు మా ఆయన మెల్లగా. "ఫొటో తీసి ఫోన్లో వెతకనా? ఏదన్నా తెగులేమో?"

"వద్దు. మాటిచ్చాను."

సోమవారం, మంగళవారం మా ఇంట్లో ఎవరూ టేపు తియ్యలేదు. నేను మెట్లు తుడిచాను. మాపు ఎంత బరువుందో ఆ రెండు రోజులూ తెలిసింది. మామయ్యకి క్షమించమని చెప్పాలని గుమ్మం దాకా వచ్చేదాన్ని, మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఆయన కుర్చీ గోడ వైపుకి తిప్పుకుని కూర్చున్నారు.

బుధవారం సాయంత్రం మెట్లెక్కుతుంటే పాలిష్ లక్క వాసన కొట్టింది. రెండేళ్ళ తర్వాత మా ఇంటి మెట్ల మీద ఆ వాసన! తలుపు తోశాను. మామయ్య మొక్క ముందు పీట మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ చిన్న చిన్న సీసాలు, సన్న కుంచెలు, కత్తిరించిన పల్చటి కాగితం ముక్కలు.

ఆకు నిండుగా ఉంది. ఒక్క చీలిక లేదు. ఒక్క చిల్లు లేదు.

చేతిలో సంచి గుమ్మంలోనే వదిలేశాను.

"అతుకు ఎక్కడుందో చెప్పు చూద్దాం," అన్నారు మామయ్య.

ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి చూశాను. అటు నుంచి చూశాను, ఇటు నుంచి చూశాను. ఎక్కడేం ఉండేవో నాకు కంఠతా వచ్చు, అయినా దొరకలేదు! మా ఆయన వచ్చి టార్చి వేసి చూశాడు. తనకీ దొరకలేదు.

"ఎలా చేశారు నాన్నా?"

"ఏముందిరా. బల్ల మీద చిల్లు పూడ్చినట్టే. పల్చటి కాగితం, ఏడు రకాల పచ్చ కలిపాను, ఈనె ఎటు పోతే కాగితం పోగు అటు తిప్పాను, లక్కతో అంటించి పైన ఒక్క పూత. ఆకు కూడా కాస్త గట్టిపడింది, కాగితం ఆగింది."

"మరి చెయ్యి?" అన్నాను.

ఆయన తన చెయ్యి తిప్పి చూసుకున్నారు. "ఏమో. పని మొదలెట్టాక దాని సంగతి గుర్తు లేదు."

"మామయ్యా, ఆ రోజు నా నోరు..."

"నీ నోరు నాకు కొత్తా? టీ పెట్టు."

పెట్టాను. నవ్వుతూ, ఏడుస్తూ, రెండు చెంచాల చక్కెర ఎక్కువేసి పెట్టాను. మా ఆయన ఒక్కడే తల గోక్కున్నాడు.

"ఇది మోసం కదే?"

"మోసమే. ఉద్యోగం రానివ్వు, నాలుగు బిల్డింగుల మొక్కల్నీ కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటా. ఈ పాపం ఆ లెక్కలో కొట్టేసుకుంటా."

*

గురువారం సాయంత్రం సన్నగా వాన పడుతోంది. మేడమ్ గొడుగు మూసి గుమ్మం పక్కన పెట్టి లోపలికి వచ్చింది. మా ఆయన చొక్కా మార్చుకుని అటెన్షన్‌లో నిలబడ్డాడు. మామయ్య కుర్చీలోంచి కదల్లేదు.

ఆవిడ ముందు కుండీ అడుగు చూసింది. చిల్లులు లెక్కపెట్టింది. మట్టిలో వేలు పెట్టింది, సరిగ్గా రెండు కణుపులు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కిటికీకి కట్టిన చీర చూసి తలూపింది. కోడు మీద గీట్లు తడిమి, వాటిలో దూరిన వేళ్ళు చూసి, "ఇదెవరు చేశారు?" అంది.

"మామయ్యండి."

"బాగుంది."

అప్పుడు కొత్త ఆకు వంక చూసింది. అడుగు దూరంలో నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, చాలాసేపు చూసింది. తను చెప్పిన పాఠం తనే పాటించింది, వేలు తగిలించలేదు. మెల్లగా ఆవిడ మొహం వాడిపోయింది.

"ఫోన్లో చూడలేదు కదా నువ్వు?"

"లేదండీ, ఒట్టు."

"కష్టపడ్డావు, నాకు తెలుస్తోంది. బతికించావు. కానీ ఇది ఇంకా కోలుకోలేదు." గొడుగు కోసం వంగింది. "వచ్చే వానాకాలం చూద్దాం."

"ఎందుకండీ?" నా గొంతు నాకే కీచుగా వినిపించింది. "ఆకు ఎంత నిండుగా ఉందో చూడండి! ఒక్క గాటు లేదు!"

"అదేగా నా బాధ. ఈ జాతి మొక్కకి ఒంట్లో బలం వస్తే, వెలుగు చాలితే, ఆకు చీలికలతోనే పుడుతుంది. పెద్ద ఆకులకి ఈనె పక్కన చిల్లులు కూడా పడతాయి. బలం లేనంత కాలం ఇలా నిండాకులే వేస్తుంది. ఇంత పెద్ద ఆకు వేసి ఒక్క చీలిక రాలేదంటే..."

మా ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. కిటికీ రేకు మీద వాన చప్పుడు వినిపిస్తోంది.

మామయ్య లేచారు. మొక్క దగ్గరికి వెళ్ళి, ఎడమచెయ్యి ఆకు కింద ఆనించి, కుడిచేతి గోరుతో అంచు దగ్గర మెల్లగా ఎత్తారు. పల్చటి పచ్చ కాగితం ముక్క ఊడి వచ్చింది. దాన్ని మేడమ్ చేతిలో పెట్టారు. తర్వాత రెండోది. మూడోది. ఒక్కొక్కటే తీస్తుంటే ఆకు మళ్ళీ చీలికలు విప్పుకుంది. ఆ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. నేను ఆకు వంక కాకుండా ఆ చెయ్యి వంకే చూస్తూ ఉండిపోయాను.

మేడమ్ అరచేతిలో ముక్కలు చూసింది. ఆకు వంక చూసింది. మళ్ళీ ముక్కలు చూసింది.

"చిల్లులు పూడ్చారా?"

"పూడ్చామండి," అన్నాను.

"నన్ను మోసం చేద్దామని?"

"అవునండీ. చిరిగిపోయిందనుకున్నాం. మామయ్య చెయ్యి తగిలే చిరిగిందని నేను ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఆయన తప్పేం లేదు. ఈ మోసం నాది. మీరేమన్నా నన్నే అనండి."

మేడమ్ వెళ్ళి మామయ్య కుర్చీలో కూర్చుంది. భుజాలు కదలడం మొదలెట్టాయి. ముందు ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది! కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరి అందక నవ్వుతోంది.

"ఇరవై ఏళ్ళుగా మొక్కలు పెంచుతున్నాను," అంది. "ఆకు చీలిందని సంబరపడిన ఇళ్ళు చూశాను. అతుకులేసిన ఇల్లు మీదొక్కటే!" లేచి ఆకు దగ్గరికి వెళ్ళి వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. "ఒకటి, రెండు... ఆరు. మొదటి ఆకుకే ఆరా! ఏం పెట్టి పెంచావే దీన్ని?"

మా ఆయన నవ్వాడు, నేను నవ్వాను, మామయ్య గోడ పట్టుకుని నవ్వారు. మా ఇంట్లో అంతమంది ఒక్కసారి అలా నవ్వడం నాకు గుర్తు లేదు.

"సోమవారం ఎనిమిదింటికి రా. మాపు ఎవరికన్నా ఇచ్చేసి రా." గుమ్మం దగ్గర ఆగి, ఒక కాగితం ముక్కని వెలుగుకి పట్టి చూసింది. "అడుగు దూరంలో ఉన్నాను, నాకు తెలియలేదు," అంది మామయ్యతో.

"తెలియకూడదండి. పని అదే," అన్నారు మామయ్య.

ఆవిడ ఆ ముక్కని సంచిలో వేసుకుంది. మామయ్య వెనకనుంచి, "ఇంతకీ మా చిన్నకోడలి పేరేంటండీ?" అని అడిగారు. చెప్పింది. ముగ్గురం రెండేసి సార్లు పలికి చూశాం, ఎవరికీ నోరు తిరగలేదు.

"చిన్నకోడలే బావుంది," అన్నారు మామయ్య.

*

ఆ వాన ఆ ఏడాదికి ఆఖరుది.

ఇప్పుడు నేను నాలుగు బిల్డింగుల్లో మొక్కలు చూస్తున్నాను. ఎవరన్నా కుండీలో టీ పోస్తే వాళ్ళకి నా కోపం సంగతి తెలుస్తుంది. మేడమ్ దగ్గర్నుంచి నెలకి రెండు మూడు చెక్క మొక్కల తొట్లు గీతలు పడి మా వరండాలోకి వస్తాయి, గీత ఎక్కడుందో తెలియకుండా వెళ్తాయి. మామయ్య చెయ్యి కూర్చుంటే వణుకుతుంది, కుంచె పట్టుకుంటే వణకదు. చిన్నకోడలు కిటికీ అంతా ఆక్రమించి కప్పు దాకా ఎదిగింది. వేసిన ప్రతి ఆకూ చీలికలే, చిల్లులే.

మొన్న, మూడేళ్ళకి, ఆ మొదటి ఆకు ముసలిదైపోయింది. అంచు నుంచి పసుపు తిరుగుతూ, పొద్దున చూసేసరికి పూర్తిగా పసుపైంది. రాలిపోయేలోపు ఒకసారి తుడుద్దామని చేతిలోకి తీసుకున్నాను. మధ్య ఈనె పక్కన, చిక్కుడు గింజంత మేర, ఆకుపచ్చగా ఉంది. వేలు పెట్టి తడిమాను. గోరుతో అంచు ఎత్తితే కాగితం ముక్క లేచింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ ఆదివారం నేను లెక్కపెట్టినవి ఏడు. మేడమ్ లెక్కపెట్టినవి ఆరు.

"మామయ్యా!" అని కేకపెట్టాను.

ఆయన వరండాలో తొట్టికి పూత వేస్తున్నారు. కుంచె ఆపకుండా, తల కూడా తిప్పకుండా నవ్వారు.

"దొరికిందా? నెలకో పూత వేసుకుంటూ వచ్చాను," అన్నారు. "మూడేళ్ళు పట్టిందే నీకు!"